విత్తనానికి వదిలిన మడి

"మళ్లీ చెప్తున్నా, ఆ మడి కోసెయ్. సోమవారం నువ్వు సంతకం పెట్టాక విత్తనాలు ఎక్కడ చల్లుతావ్? నా బట్టతల మీదా?" అన్నాడు మా ఆయన.

"చల్లమ్మా, ఆ కాస్త పచ్చగా అయినా కనిపిస్తాడు," అంది అత్తయ్య. మా అమ్మాయి పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పొద్దున్నుంచీ ఇదే గొడవ. వానకు పెద్ద రోడ్డు తెగి నాలుగు రోజులైంది. కూరగాయల లారీలు ఆగిపోయాయి. చుట్టూ ఉన్న వందల ఇళ్ల మధ్య ఆకుకూర మిగిలింది మా నాన్న నాకు రాసిచ్చిన ఈ అరెకరంలోనే. అదీ ఒక్క తోటకూర మడి. అందరికంటే ఏపుగా పెరిగిన మొక్కల్ని విత్తనానికి వదిలెయ్యడం నాకు అలవాటు. నేల అమ్మడానికి ఒప్పుకున్నాక కూడా చెయ్యి ఆ మడి జోలికి పోలేదు.

మధ్యాహ్నం కంచె దగ్గరికి సంచీ పట్టుకుని వదిన వచ్చింది. వాళ్ల చేను మా పక్కదే. అది అమ్మేశాక ఇప్పుడక్కడ ఐదంతస్తుల మేడ. అందులో నాలుగో అంతస్తు ఆవిడది. ఆ మేడ లేచాక మా మళ్లలో మూడింటికే ఎండ పోతోంది.

"రెండు కట్టలివ్వవే. ఆకు మొహం చూసి నాలుగు రోజులైంది."

కొడవలి తీసుకుని మడి వైపు నడిచాను. అడిగింది వదిన మరి. ఆవిడ గట్టు మీద చెప్పులు విడిచి నా వెనకే వచ్చింది. విడవమని ఎవరూ చెప్పలేదు. ఒక కంకిని అరచేతిలో నలిపి చూసింది. నాలుగు నల్లటి గింజలు రాలాయి.

"ఇంకో పది రోజులు ఆగాలి," అంది. "ఇది మా చేలో విత్తనమే కదూ?"

"నీదే వదినా. మా విత్తనం మొలవని ఏడాది దోసెడు గింజలు తెచ్చిచ్చావుగా."

"ఇప్పుడు నా దగ్గర ఒక్క గింజ లేదే. నీది పోతే ఇవ్వడానికి ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు." గింజల్ని మళ్లీ మడిలోనే వదిలి, చెయ్యి దులుపుకోకుండా నిలబడింది. "కొయ్యకు. మాకు ఏదో ఒకటి దొరుకుతుందిలే."

ఖాళీ సంచీ చంకన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మట్టికాళ్లతోనే ఆ మేడ మెట్ల దాకా వెళ్లింది. లోపలికి వెళ్లేముందు ఒకసారి వెనక్కి చూసింది. నన్ను కాదు.

సాయంత్రం అందరూ తినడానికి కూర్చున్నారు.

"కోశావా?" అన్నాడు ఆయన.

"లేదు." గరిటె పక్కన పెట్టాను. మంచినీళ్లు అడిగినంత మెల్లగా చెప్పాను. "సోమవారం నేను సంతకం పెట్టడం లేదు. పది రోజులాగి కంకులు దులపాలి. ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉండండి."