అక్కను మోసే బెల్టులు

మా బావకు వాన అడవుల పిచ్చి. ఏటా సెలవు పెట్టి, సంచి వీపున వేసుకుని వెళ్లి, చెట్ల మధ్య గుడ్డ ఊయల కట్టుకుని నాలుగు రోజులు పడుకుని వస్తాడు. ఇన్నేళ్లూ ఒంటరిగానే వెళ్లాడు. ఈసారి ఏ గాలి సోకిందో, అక్కను రమ్మన్నాడు. అక్క ఒప్పుకుంది, ఒక్క షరతు మీద.

"రాత్రిపూట నా ఒళ్లు నేలకు తగలకూడదు. అక్కడ జలగలుంటాయి. ముందు ఇంట్లోనే పడుకుని చూస్తా. నేలకు తగిలానా, ఇక రాను. బతిమాలొద్దు."

బావ సంబరం చూసి తీరాలి. ఇద్దరి సామానూ తానే మోస్తానన్నాడు. అసలే మోకాలు సరిగా లేని మనిషి, అందుకని బరువు తగ్గించే పనిలో పడ్డాడు. టూత్‌బ్రష్షుల పిడులు కోశాడు. చొక్కాల లేబుళ్లు పీకాడు. దువ్వెనను రెండుగా విరిచి, "చెరో సగం" అన్నాడు. అక్క జుట్టు చూసిన వాళ్లెవరూ ఆ మాట అనరు.

ఇక మిగిలినవి అక్క ఊయలను చెట్లకు కట్టే బెల్టులు. వాటి కోసం ముగ్గురం ట్రెక్కింగ్ సామాన్ల షాపుకు వెళ్లాం. నేనెందుకంటే, పార్సిల్ ఆఫీసులో తూకం దగ్గర కూర్చునేది నేనే. ఏ మూటనైనా కంటితో చూసి బరువు చెప్పేస్తాను. ఈ విద్య మా చుట్టాలకు గిట్టదు. నేను తేరిపార చూస్తే చాలు, పిన్నిలందరూ పొట్ట లోపలికి లాక్కుంటారు.

షాపాయన బల్ల మీద రెండు రకాలు పరిచాడు. "ఇవి వెడల్పువి, పాలియెస్టర్. చెట్టు బెరడును కోయవు, తడిసినా పెద్దగా సాగవు. కాకపోతే బరువు. ఈ సన్ననివి నైలాన్, జేబులో పడతాయి. బక్కపలచని వాళ్లకు ఇవి చాలు. పడుకునేదెవరండీ?"

"మా ఆవిడ," అన్నాడు బావ.

"బరువెంత?"

అక్క పక్కనే నిలబడి టోపీలు చూస్తున్నట్టు నటిస్తోంది. బావ నసుగుతూ ఒక అంకె చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను, అక్క ఇది చదువుతుంది. ఆ బరువు ఆవిడ కాలేజీ రోజుల్లో ఉండేది, అదీ టైఫాయిడ్ వచ్చి లేచాక. నేను నోరు తెరిచేలోపు బావ నా కాలు తొక్కాడు. అటు చూస్తే అక్క మొహం చాటంత అయింది.

సన్నబెల్టులు కొనుక్కుని ఇంటికొచ్చాం. బావ వరండా స్తంభాలకు ఊయల కట్టాడు. అక్క ఒక పత్రిక పట్టుకుని ఎక్కింది. ఊయల నేలకు దిగకుండా ఆగింది. బావ చప్పట్లు కొట్టాడు. ఆ అబద్ధపు అంకె నెగ్గిందని నాకు ఒళ్లు మండింది.

"వాన అడవికి వెళ్తూ పొడి బెల్టులతో పరీక్షేంటి బావా?" అని బకెట్టు నీళ్లు తెచ్చి బెల్టుల మీద కుమ్మరించాను. తడిసిన నైలాన్ తాడు సాగి చేసే ఆగడాలు మా ఆఫీసులో రోజూ చూసేవే.

అక్క చదువుకుంటోంది, ఊయల దిగుతోంది. పేజీ తిప్పేసరికి బెత్తెడు దిగింది. ఇంకో పేజీకి ఇంకాస్త. బావ పళ్లు బిగబట్టి, దాన్ని చూపులతోనే పైకెత్తాలని చూస్తున్నాడు. చివరికి అక్క నడుము గచ్చుకు ఆనింది.

అక్క పత్రిక మూసింది. "నేను రాను."

బావ మొహం వాడిపోయింది. "బెల్టులు మంచివి కావు. ఆ షాపువాడు మోసం చేశాడు," అన్నాడు.

"ఆయన్నెందుకంటారు? మీరు చెప్పిన అంకె నేను వినలేదనుకున్నారా?"

"విని ఎందుకూరుకున్నావు?"

"వినడానికి బాగుందని." అక్క గొంతు తగ్గింది. "ఇన్నేళ్లూ నన్ను రమ్మనకపోవడం నా బరువు వల్లేనేమో అనుకునేదాన్ని. ఇవాళ అక్కడ మీరు నసుగుతుంటే రూఢి అయింది."

నవ్వబోయిన నేను మానుకున్నాను. బావ ఆ తడి గచ్చు మీదే చతికిలబడ్డాడు.

"బరువా? దాని గురించి ఎవడాలోచించాడు! రానంటావని భయం. అడక్కపోతే, అడిగుంటే వచ్చేదేమో అనైనా అనుకోవచ్చు కదా. అడవిలో ప్రతిసారీ అలా అనుకుంటూనే పడుకునేవాణ్ణి. ఇవాళ నిజం చెబితే నొచ్చుకుని ఇంట్లో కూర్చుంటావనిపించింది."

అక్క లేవబోయి ఊయలలో చిక్కుకుంటే ఇద్దరం చెరో చెయ్యి పట్టి లాగాం. లేచిందే తడవుగా చెప్పులేసుకుని, తడిబట్టలతోనే వీధిలోకి నడిచింది. వెనకాల మేమిద్దరం పరుగు.

షాపు నిండా జనం. అక్క తన బరువు తానే చెప్పింది, ఎదురింటికి కూడా వినపడేలా. నేను కంటితో కట్టిన లెక్కకు సరిగ్గా సరిపోయింది. షాపాయన వెడల్పు బెల్టులు తీశాడు. బావ వాటిని చేతిలో ఆడించి బరువు చూడబోతే అక్క లాక్కుని తన సంచిలో వేసుకుంది.

"మీ మోకాలికి ఇప్పటికే ఉన్నది చాలు, ఇవి నేను తెస్తా," అని బావతో అంది. తర్వాత షాపాయన వైపు తిరిగింది. "నాకో వానకోటు కూడా చూపించండి. కొలత మాత్రం ఆయన్ని అడక్కండి."