బయట కూర్చున్న జ్వరం

సువార్తకు రావలసిన జ్వరం వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని పిలుపు కోసం చూస్తోంది. పాపం, దానికీ మొహమాటం ఉంటుంది కాబోలు.

నెల కిందట సువార్తకు ఒక సూది వేశారు. అది టైఫాయిడ్‌కు కొత్త టీకానో, ఉత్త ఉప్పునీళ్లో ఆమెకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. పది రోజుల కిందట, నిక్షేపంలా ఉన్న మనిషి, ఆ టీకా పరీక్ష కోసం తనంతట తానే గ్లాసెడు టైఫాయిడ్ క్రిములు తాగింది. పద్నాలుగు రోజులూ జ్వరం బయటే ఉండిపోతే టీకా పనిచేసినట్టు.

"ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టండమ్మా. పిలవందే రాదది," అంటుంది నర్సు హెప్సిబా, థర్మామీటరు విదిలిస్తూ.

మధ్యాహ్నానికి వార్డు కురచవుతుంది. తలుపు సువార్త మంచం దాకా వచ్చి ఆగుతుంది.

"నిన్ను నేనెరుగుదును," అంటుంది జ్వరం తలుపు సందులోంచి. "రేపల్లెలో మీ తమ్ముడి దగ్గర ఇరవై రోజులున్నా. మర్యాదగానే చూశారు."

సువార్త లేచి కూర్చుంటుంది. తమ్ముడు ఇశ్రాయేలుకు అప్పుడు తొమ్మిదేళ్లు. పథ్యం పెట్టే రోజు ఇంకా రాలేదు. ఆకలి ఆకలని వాడు ఏడుస్తుంటే చూడలేక, అమ్మకు తెలియకుండా నాలుగు ముద్దలు ఆవకాయ అన్నం పెట్టింది తనే. మర్నాడు వాడు పోయాడు. ముప్పై ఏళ్లుగా ఆ ముద్దలు ఆమె గొంతులోనే ఉన్నాయి.

"వాడు పోయింది నా అన్నం వల్లనా, నీ వల్లనా?"

"లోపలికి పిలువు, చెబుతా. మంచం మీద కూర్చుని చెప్పాల్సిన మాట."

సువార్త గడియ మీద చెయ్యి వేస్తుంది. ఒక్క మాట వింటే చాలు, ముప్పై ఏళ్ల బరువు దిగిపోతుంది. గోడకవతల ఊళ్లోని పిల్లలంతా ఊపిరి బిగబట్టి వింటున్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లాలో వద్దో జ్వరం ఇక్కడి జవాబును బట్టే తేల్చుకుంటుంది.

"వద్దులే," అంటుంది సువార్త ఏడుస్తూనే. "తెలియకుండానే బతుకుతాను."

జ్వరం నొచ్చుకోదు. సంచీ సర్దుకుని, తన నుదురు తానే తాకి చూసుకుని, చల్లబడుతూ మెట్లు దిగిపోతుంది.

అది వెళ్లగానే ఊళ్లోని పిల్లల మంచాలన్నీ నడుచుకుంటూ వచ్చి వార్డులో బారులు తీరతాయి. సువార్త ఒక్కో పక్కనూ చెయ్యి తిరగేసి తాకి చూస్తుంది. అన్నీ చల్లగా ఉన్నాయి. ఆఖరిది నులక మంచం, తొమ్మిదేళ్ల పిల్లాడికి సరిపోయేది. ఆమె చెయ్యి పడగానే అది పొడుగవడం మొదలుపెడుతుంది. పదిహేనేళ్ల వాడికి, పాతికేళ్ల వాడికి, ముప్పై తొమ్మిదేళ్ల మనిషికి. అక్కడా ఆగదు. పట్టె పట్టుకుని సువార్త దాని వెంటే నడుస్తుంది.