గరుసు దిన్నె మీద చెరువు మట్టి

ఆత్మకూరు దాటి ఎనిమిది కిలోమీటర్లు పోతే రోడ్డుకు ఎడమ పక్క నలభై ఎకరాల గరుసు దిన్నె, గులకరాళ్ల మెట్ట, ఉంది. జింకలు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు మళ్లీ చేరేందుకు అక్కడ పాత గడ్డిబీడును తిరిగి నిలబెట్టే పని రెండేళ్ల కిందట మొదలైంది. మట్టి పరీక్షించింది ల్యాబు అధికారి శశికళ. విత్తనం ఏరి తెచ్చి చల్లింది గొర్రెల కాపరి గిడ్డయ్య.

సోమవారం పది గంటలకు శశికళ జీపు దిగి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ముప్పై ఎకరాల మీద జానెడు మందాన నల్లమట్టి పరిచి ఉంది. ఊరి మురుగు కలిసే చెరువులోని మట్టి అది. అందులో కోడి ఈకలు, పసిపిల్లల డైపర్లు, పాలిథిన్ సంచులు ఉన్నాయి. వాటి మధ్య వయ్యారిభామ కలుపు మొలకలు రెండాకులు వేశాయి. మిగిలిన పది ఎకరాల్లో గడ్డి మోకాలెత్తున ఉంది. దాని అంచున మూడు టిప్పర్లు నిలిచి ఉన్నాయి.

బీడు పనులు చేయించే కాంట్రాక్టరు మనిషి జయపాల్ ఎదురొచ్చాడు.

"చూడండి మేడమ్, ఎట్లుండాదో! వట్టి గరుసు ఉన్నింది. బలమంతా పోసినాం. రెండు దినాల్లో ఆ పదీ అయిపోతాది."

"ఎవరు పొయ్యమన్నారు?"

"నువ్వేనంట కదమ్మా," అన్నాడు గిడ్డయ్య. అతను మొదటి టిప్పరుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. "మేడమ్ రాసిచ్చింది, జరుగు ముసలోడా అని పొద్దన్నుంచి ఇదే మాట. మూడూర్ల బీళ్లు తిరిగి ఏరినా నేను. ముప్పై ఎకరాల్లో పోయింది పోయింది. ఈడ కంకి ఇంకా పాల మీద ఉండాది, గింజ గట్టిపడలే. పదైదు దినాలు ఆగితే విత్తనమన్నా దక్కుతాది."

జయపాల్ ఫైలు తెరిచి కాగితం చూపించాడు. అది రైతులకిచ్చే మట్టి పరీక్ష కార్డు. సేంద్రియ కర్బనం: తక్కువ. నత్రజని: తక్కువ. భాస్వరం: తక్కువ. సిఫారసు: ఎకరాకు ఇరవై ట్రాక్టర్ల చెరువు మట్టి. కింద శశికళ సంతకం.

ల్యాబులో ఏ నేల ఫలితాలు వేసినా కంప్యూటరు ఈ రైతు కార్డే అచ్చు వేస్తుంది. వేరుశనగ చేనుకు చెప్పే సిఫారసే దీనికీ వేసింది. ఆమె దాంతోపాటు రెండు పేజీల నోటు జతచేసింది. ఈ గడ్డికి బలం లేని నేలే కావాలని, బలం పెరిగితే కలుపు దాన్ని మింగేస్తుందని, పిడికెడు ఎరువు కూడా వేయొద్దని అందులో రాసింది. నోటు ఫైల్లో లేదు. కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు ఆమె సిఫారసు గడి చదవలేదు.

"నోటు ఏమైంది?"

"రెండు పేజీలు ఎవరు చదువుతారు మేడమ్? కార్డులో తక్కువ అని మూడుసార్లు ఉండాది. తక్కువుంటే పొయ్యల్ల కదా? మా నాయన చేనికి అట్లే తోలినాం."

ఆమె కార్డు తీసుకుని బానెట్ మీద పెట్టి సిఫారసును కొట్టేసింది. 'తప్పు నాది. మట్టి పోయరాదు' అని రాసి తేదీ వేసింది.

"ఇప్పుడు ఎవరి సంతకంతో పోస్తావో పొయ్యి."

"పోసిన ముప్పై ఎకరాలకి బిల్లులో ఏం రాయల్ల మరి?"

"చెత్తకుప్ప అని రాయి."

"గీకి తీసేయచ్చు గదమ్మా?" గిడ్డయ్య అడిగాడు.

"గీకితే గరుసు కూడా లేచొస్తుంది గిడ్డయ్యా. కింద విత్తనం మిగలదు."

అతను పక్కకు ఉమ్మేశాడు. "సదువుకున్నోళ్లు సంతకం పెట్టేముందు సదవరా?"

ఆమె కొట్టేసిన కార్డును జయపాల్ చేతిలో పెట్టింది.

జయపాల్ సైగ చేస్తే రెండు టిప్పర్లు వెనక్కి తిరిగాయి. మూడో డ్రైవరు నిండు బండి తీసుకుపోనని బాట మీదే తొట్టి ఎత్తాడు. మట్టితోపాటు చచ్చిన కుక్క ఒకటి జారి పడింది. బాట గడ్డికి ఎగువన ఉంది. పడమట మబ్బు పట్టింది.

"వానొస్తే ఇదంతా నా గడ్డిలోకే," అని గిడ్డయ్య పార అందుకున్నాడు. శశికళ జీపులోంచి మట్టి నమూనాలకు గుంతలు తవ్వే పార తెచ్చింది. కుప్పకు దిగువన ఇద్దరూ గట్టు వేయడం మొదలుపెట్టారు.