పదమూడో గొంతు

పన్నెండు మంది కూర్చున్న సమావేశంలో పదమూడో మనిషి దగ్గాడు.

తెర మీద గడుల్లో ముఖాలు బిగుసుకుపోయాయి. అన్నిటికంటే కింద, ఫొటో లేని నల్లటి గడి ఒకటి కొత్తగా వెలిసింది. దానికి పేరు లేదు, నంబరు లేదు. ‘ఫోన్ నుంచి’ అని మాత్రం ఉంది.

“చిన్నీ... వినిపిస్తోందా?” అంది ఆ గడి.

చిన్ని తెర దగ్గరికి వంగింది. అది అన్నయ్య గొంతు. అన్నయ్య పోయి నాలుగు నెలలైంది.

బ్రౌజర్‌లో నడిచే సమావేశంలోకి ఫోన్ నుంచి కూడా వచ్చి మాట్లాడే ఏర్పాటు అన్నయ్య మొదలుపెట్టిందే. అతను సగంలో వదిలిన పనిని చిన్ని కళ్లలో వత్తులేసుకుని పూర్తి చేసింది. ఈ ఉదయం కొనేవాళ్లు దాన్ని చూస్తున్నారు. వాళ్లు కాదంటే అన్నయ్య ఆఖరి పని చెత్తబుట్ట పాలు.

“ఎవరమ్మా ఆయన?” కొనేవాళ్లలో పెద్దాయన అడిగాడు. “తలుపేసుకుని మాట్లాడుకుందామంటిరి. ఇదేం తలుపు?”

“ఒక్క నిమిషం సార్.”

ఆమె ఆ గడిని తీసేసింది. పది సెకన్లలో అది మళ్లీ వచ్చి కూర్చుంది.

“ఏడు... ఆరు... ఐదు...”

లైను పరీక్షించాలంటే అన్నయ్య ఎప్పుడూ వెనక్కే లెక్కపెట్టేవాడు. ముందుకు లెక్కపెడితే ఒక అంకె ఎగిరిపోయినా చెవి దాన్ని తనే పూరించుకుంటుందట. “చెవంత అబద్ధాలకోరు ఇంకోటి లేదే,” అనేవాడు నవ్వుతూ.

పక్క కుర్చీలో అమ్మకాలు చూసే బావ, అక్క మొగుడు, నుదురు తుడుచుకున్నాడు.

“నే ముందే మొత్తుకున్నానా మరదలా? మనింటి వంటకం మనకే అరగదు, బయట తయారైంది కొనేద్దామని. మా స్నేహితుడి దగ్గర సిద్ధంగా ఉంది. పోయినవాడి పనిని పట్టుకుని ఎందుకిలా వేలాడటం?”

“చిన్నీ... వినిపిస్తోందా?”

అదే దగ్గు, అదే సాగదీత. రెండు మాటల మధ్య అదే ఖాళీ. చిన్ని కళ్లు మూసుకుంది. ఆ ఖాళీలో ఊపిరి చప్పుడు కూడా లేదు. బతికున్నవాడు ఆగితే గది వినిపిస్తుంది, ఫ్యాను వినిపిస్తుంది. ఇక్కడ కత్తెరతో కోసినట్టు నిశ్శబ్దం. ఇందాకటి నుంచీ తన చెవి దాన్ని పూరించుకుంటూనే ఉంది.

మొట్టమొదటిసారి లైను కలిసిన రోజు గుర్తొచ్చింది. అన్నయ్య వంటింట్లో ఉన్నాడు, దగ్గుతూనే పిలిచాడు. ఆ లైనులో ఉన్నది ముగ్గురే.

ఆమె నల్లగడిని మళ్లీ తీసేసింది. వెంటనే, అన్నయ్య తమ ఇద్దరి కోసమే పెట్టుకున్న మీట నొక్కింది. పిలిచినవాడు నంబరు దాచుకున్నా, ఆ మీట నొక్కితే పిలుపు తిరిగి వాడికే వెళ్తుంది. అమ్మకాల వాళ్లకు దాని సంగతి ఎవరూ చెప్పలేదు.

గదిలో ఎక్కడో తుమ్మెద చిక్కుకున్నట్టు జుమ్మని మొదలైంది.

బల్ల కింద. బావ ఒళ్లో.

ఇందాకటి నుంచీ బల్ల మీద అతని చెయ్యి ఒక్కటే కనిపిస్తోందని చిన్నికి ఇప్పుడు తట్టింది. రెండో చెయ్యి కంగారుగా ఆ చప్పుణ్ణి నొక్కెయ్యాలని చూస్తోంది.

“ఏదో పాత ఫోను...” అన్నాడు అతను.

“అమ్మా, అడిగినదానికి జవాబు రాలేదు,” తెర మీద పెద్దాయన ముందుకు వంగాడు. “ఆ పదమూడో మనిషి ఎవరు?”

చిన్ని మైకు దగ్గరికి జరిగింది.

“మొదటిసారి లైను కలిసిన రోజు మా అన్నయ్య పిలిచింది మూడు మాటల్లో సార్. దాన్ని రికార్డు చేసి మీకు రెండే వినిపించారు. కోసేసిన మాట నేను చెప్తాను.”

పక్కకు తిరిగి, అన్నయ్య సాగదీసినట్టే సాగదీసింది.

“చిన్నీ... బావా... వినిపిస్తోందా?”