తాబేలు ఇంటి గడప

వడ్రంగం మానేసి పదేళ్లయినా, మనవరాలు మాధవీలత తెచ్చుకున్న తాబేలు పిల్ల కోసం చెన్నయ్య మళ్లీ ఉలి పట్టాడు. తూర్పు వాకిలితో రెండు గదుల చెక్క ఇల్లు కట్టాడు. ఒక గదిలో వెచ్చగా బల్బు, రెండో దానిలో నీడ. నడుమ రెండంగుళాల గడప, దానికి పసుపూ కుంకుమా.

అంత ముచ్చటైన ఇంట్లో తాబేలు మూడు రోజులుగా నీడలోనే ముడుచుకుంది. నోటి దగ్గర పెట్టినా మందారాకు ముట్టలేదు. వెచ్చదనం తగలకపోతే బతకదని శంషాబాద్ పశువుల డాక్టరు చెప్పినప్పటి నుంచి మాధవీలత ఏడుస్తూనే ఉంది.

చెన్నయ్య భార్య రుక్కమ్మ కొంగు దోపుకుని వంగి చూసింది. తాబేలు గడప దాకా వచ్చి, ముందుకాళ్లు ఎత్తి, జారి, వెనక్కి తగ్గింది.

"ఏమయ్యా, జర గిటు చూడు. అది వెచ్చటికాడికి పోతనంటే నీ గడప పోనిస్తలేదు. తీసెయ్యి!"

"గడప లేకుంటే ఇల్లెట్లయితదే? డబ్బా అంటరు."

"నీ ఇల్లు సల్లగుండ! లోపలున్నది బతకద్దా?"

చెన్నయ్య గడప తీయలేదు. దోసెడు మన్ను తెచ్చి రెండు పక్కలా వాలుగా పోశాడు. తాబేలు మెడ చాపి, ఆగి ఆగి ఎక్కి, దిగి, బల్బు కింద చేరింది. కాసేపటికి ఆకు కొరికింది. మాధవీలత కళ్లు తుడుచుకుని నవ్వింది.

రుక్కమ్మ మొగుణ్ణి ఓరకంట చూసింది.

"నేను కొత్తగ వచ్చిననాడు మీ ఇంటి గడపకు తట్టుకొని బోర్ల పడ్డ. అందరు నవ్విన్రు. నాకెందుకు పొయ్యలేదు గిట్ల మన్ను?"

"నువ్వు ఉరుక్కుంట వస్తివి," అన్నాడు చెన్నయ్య చేతులు దులుపుకుంటూ. "గిది నిదానమున్నది."