దారిచ్చే కంప్యూటర్

“కాస్త జరుగు,” అన్నాడు మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి.

జరిగాను. నా కుర్చీలో కూర్చుని టకటకా ఏదో కొట్టేశాడు. అది మా బడిలో మూలన పడేసిన పాత కంప్యూటర్. దాన్ని ఇంటికి మోసుకొచ్చి, లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అంట్లు తోముతూ మధ్యమధ్యలో తడిచేతులు తుడుచుకుని వచ్చి చూసుకుంటూ, ప్రాక్సీ సర్వర్‌గా తయారుచేస్తున్నది నేను. ల్యాబ్‌లో పిల్లల కంప్యూటర్లన్నీ దీని గుండానే నెట్‌లోకి వెళ్ళాలి. ఒకరు తెరిచిన పేజీని ఇది దాచిపెట్టుకుని ఇంకొకరికి అందించాలి, పనికిరాని సైట్లకు అడ్డం పడాలి. సోమవారానికి ఇది నడిస్తే ల్యాబ్ నా చేతికి ఇస్తానంది హెడ్‌మిస్ట్రెస్. నడవకపోతే బయటి మనిషిని పెట్టుకుంటారు. నేను మళ్ళీ ఎవరు సెలవు పెడితే వాళ్ళ క్లాసుకు కాపలా.

“ఇదిగో, అయిపోయింది. దీనికేనా ఇన్నాళ్ళూ కుస్తీ పట్టావు?” అంటూ లేచాడు. ఏం మార్చారని అడిగితే, “నడుస్తోందిగా! నీకెందుకా తలనొప్పి?” అన్నాడు. తెలివైనవాడే, కాదనను. పెళ్ళైన కొత్తలో ఆ మాట నాకు ఎంత ముద్దుగా వినిపించేదో! బ్యాంకు పనికీ అదే మాట, కారు నేర్చుకుంటానంటే అదే మాట. నా తలనొప్పులన్నీ తను నెత్తిన వేసుకుంటున్నాడని మురిసిపోయేదాన్ని. ఆయన తీసుకుంటున్నవి నాకిష్టమైన పనులేనని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది. అంట్ల దగ్గర మాత్రం ఒక్కనాడూ నన్ను జరగమనలేదు.

సోమవారం దాన్ని ల్యాబ్‌లో పెట్టి ఆన్ చేస్తే పిల్లలందరి స్క్రీన్ల మీదా ఒకటే మాట, అనుమతి లేదని. హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. మా ఆయనకు ఫోన్ చేశాను.

“అక్కడ కాస్త తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఫోన్ వాళ్ళకివ్వు,” అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. “ఉన్నారు. నేనున్నాను,” అని పెట్టేశాను.

సెట్టింగుల ఫైలు తెరిచి, స్క్రీన్ మీద వేలు పెట్టి, పైనుంచి ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చాను. ఎవరికి దారివ్వాలో చెప్పేచోట ఆయన మా ఇంటి నెట్‌వర్క్ అడ్రసు ఒక్కటే రాశాడు. దాని కిందే, మిగతా అందరికీ వద్దని. ఇంట్లో పరీక్షించాడు, ఇంట్లో నడిచింది. బడి అడ్రసులు వేరే ఉంటాయి, నన్నడిగితే చెప్పేదాన్ని. వాటిని రాశాను, కానీ కంగారులో అన్నిటికన్నా కింద పెట్టాను. మళ్ళీ అనుమతి లేదు! పైనుంచి చదువుతూ అడిగినవాళ్ళకు వర్తించే మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది కదా ఈ మొండిఘటం. నా లైనును ఆ ‘వద్దు’కి పైన పెట్టి, సర్వర్ మళ్ళీ మొదలుపెట్టాను.

“వచ్చింది టీచర్!” అని వెనక వరసలోంచి అరిచింది ఒక పిల్ల. ఆ తర్వాత ఆ గోల ఆపడం నా వల్ల కాలేదు, ఆపాలనీ అనిపించలేదు.

“ఇందాక ఫోన్ చేసింది మీవారికేగా? భలే చేసిచ్చారమ్మా. థాంక్స్ చెప్పానని చెప్పండి,” అంది హెడ్‌మిస్ట్రెస్.

ఇలాంటప్పుడు తలూపి ఊరుకోవడం నాకు అలవాటే. ఊరుకోబుద్ధి కాలేదు.

“ఆయన చేసింది మా ఇంటికే సరిపోయింది మేడమ్. ఇది నేను చేశాను.”

ఆమె నా వంకా, పిల్లల స్క్రీన్ల వంకా చూసింది. “అయితే ల్యాబ్ తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి,” అంది.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. “ఏమైంది? ఇంటికి పట్రా, నేను చూస్తాలే.”

“నడుస్తోంది. అదిక ఇక్కడే ఉంటుంది. పిల్లలకు కాసేపు చూపించాలి, నేను రావడం ఆలస్యమవుతుంది. మీరు అన్నం వండెయ్యండి.”

అవతల అలమర తలుపులు ఒకటొకటిగా తెరిచి మూస్తున్న చప్పుడు.

“బియ్యం ఎక్కడుంటాయి?” అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తనకు తెలియదని ఒప్పుకుని నన్నొక విషయం అడగడం అదే మొదటిసారి.