మూడో విన్నపం

ఆ ఆదివారం చర్చిలో పూజ మా వార్డు వంతు. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఎల్బీనగర్ వైపు ఇళ్లన్నీ ఒక వార్డు. నెలకొకసారి పఠనాలు, కానుకలు, విశ్వాసుల ప్రార్థనలు మేమే చూసుకుంటాం. ఆ ప్రార్థనల్లో చదివే ఐదు విన్నపాలు రాసే పని నాది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో అమ్మకాలు చేసే మనిషిని, చదివింది పదో తరగతి. అయినా ఆ ఐదు వాక్యాలు రాయడం దేవుడు నా చేతికిచ్చిన పని అనుకుంటాను. ఒక్కో విన్నపం ఒక్కో చీటీ మీద రాసి ఒక్కో ఇంటికి ఇస్తాను.

ఈసారి మూడో విన్నపానికే రెండు రోజులు పట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుందన్న సంగతి మళ్లీ పేపర్లో వచ్చింది. "ప్రభువా, నిన్ను నమ్ముకున్నందుకు 1950 నుంచి హక్కులు పోగొట్టుకున్న దళిత సోదరులకు న్యాయం చేసే మనసు మా పాలకులకు, న్యాయమూర్తులకు దయచేయుమని వేడుకొంటున్నాము" అని రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

వెంటనే భానుమూర్తిగారి ఫోన్. ఆయనది గుంటూరు వైపు. రిటైరయ్యాక పూజను యూట్యూబ్‌లో లైవ్ పెట్టే బాధ్యత తీసుకున్నారు.

"ఏంటి ఇన్నయ్యా, పూజలోకి ఢిల్లీ రాజకీయాలు తెచ్చావ్? లైవ్ వెళ్తుందయ్యా. ఎవడో ఆ ముక్క కత్తిరించి ఊరంతా తిప్పాడనుకో, ఫాదర్ గారికి తలనొప్పి."

"పవిత్ర శుక్రవారం నాడు మోకరించి మరీ పాలకుల కోసం ప్రార్థిస్తం గద సార్. అది రాజకీయం కాదా?"

"అందులో సంవత్సరాలు ఉండవుగా!"

నవ్వొచ్చింది. 1950 కొట్టేసి ఫాదర్‌కు చూపించాను. "పాలకుల కోసం, అన్యాయమైపోయిన వాళ్ల కోసం వేడుకోవడం మన పూజలో ఉన్నదే. చదవండి" అన్నారాయన.

శనివారం సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి యాదలక్ష్మి మా ఇంట్లో కూర్చుని ఉంది. చేతిలో మూడో చీటీ. ఆమెదీ మా వార్డే, చైతన్యపురిలో లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లేడు. ఆరేళ్ల కింద జ్ఞానస్నానం తీసుకుని క్రైస్తవురాలైంది.

"గీ చీటీ నాకే ఎందుకిచ్చినవన్నా?"

"ఎందుకేంది? నీ గొంతు గట్టిది. ఎనక బెంచీ దాకా ఇనబడ్తది."

"గదే గద నా పరేషాన్. మా కృష్ణ కొలువు సంగతి మర్చిపోయినవా?"

అప్పుడు తట్టింది నాకు. ఆమె కొడుకు కృష్ణకు ఎస్సీ కోటాలో ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. కాగితాల పరిశీలన ఇంకా జరుగుతోంది. ఉద్యోగం చేయి జారినవాడు ఎవడైనా లైవ్‌లో ఆమెను చూసి ఫిర్యాదు పెడితే చాలు. గొంతు చూసి చీటీ ఇచ్చాను, మనిషిని చూడలేదు.

"కృష్ణ జ్ఞానస్నానం తీసుకోలేదు గద. వాని కాగితంల అబద్ధమేముంది?" అన్నాను.

"అడిగేటోళ్లు గట్ల అడుగుతరా? తల్లి క్రిస్టియన్, కొడుకు ఎస్సీ ఎట్లయిండంటరు. వాడు తీసుకుంట అంటనే ఉన్నడు. కొలువు పక్కా అయినంక చూద్దమని నేనే ఆపిన. పాపమానన్నా?"

మా నాన్న ఊళ్లలో మతబోధ చేసే ఉపదేశి. మా ఇంట్లో అందరివీ క్రైస్తవులైన దళితులకిచ్చే బీసీ కాగితాలే. మాకు దాచుకునేదేమీ లేదు. పుట్టుకతో వచ్చిన ఆ నిమ్మళాన్ని ఇన్నాళ్లూ నా నిజాయితీ అనుకున్నాను.

"జ్ఞానస్నానం నీళ్లు నెత్తిన పడ్డయ్ గని ఊర్ల హోటల్ల నా గ్లాసు మారలే" అంది యాదలక్ష్మి. "మొన్న పోతే గూడ అందరికి స్టీలు, నాకు ప్లాస్టిక్."

"అయితే ఈ విన్నపం తీసేద్దమా?"

"తీసెయ్యమన్ననా? నేను చదవనన్న, గంతే. ఈ నెల మైకు కాడికే రాను."

వంటింట్లోంచి మా ఆవిడ మాలతి అందుకుంది. "ఎప్పుడన్న చూసినవా వదినా? కష్టమైన చీటీలు ఊరోళ్లకు పంచి, వానల చీటీ తాను వెట్టుకుంటడు. గీసారి ఆయన్నే చదవనియ్యి."

నిజమే. పన్నెండేళ్లుగా వానల కోసం, పంటల కోసం చదివే విన్నపాలు నావే. చేయి చాపి యాదలక్ష్మి దగ్గర చీటీ తీసుకున్నాను.

మర్నాడు మైకు ముందు నిలబడితే ఎదురుగా కెమెరా ఎర్ర దీపం. మా షావుకారు చూస్తాడేమో, ఏమనుకుంటాడో అన్న ఆలోచన నాకూ వచ్చింది. యాదలక్ష్మి రోజూ మోసే భయంలో అది చిటికెడు. "న్యాయమూర్తులకు" దగ్గర గొంతు తగ్గించేశాను. ఎలాగో చివరికొచ్చాను.

"వేడుకొంటున్నాము" అనే మాట ఇంకా నా నోట్లోనే ఉంది. ఆడవాళ్ల బెంచీల్లోంచి ఒక గొంతు లేచింది.

"ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి!"

ప్రతి విన్నపానికీ జనం చెప్పే జవాబే అది, మరుక్షణం గుడి మొత్తం అందుకుంది. మూడు వందల గొంతుల్లో ఆ ఒక్కటీ కలిసిపోయింది. మా నాన్న చిన్నప్పుడు పూజ లాటిన్‌లో జరిగేదట. జవాబులు పీఠం దగ్గరివాళ్లే చెప్పేవారు, జనం మౌనంగా జపమాల తిప్పుకునేవారు. ఇప్పుడు మన మాటల్లో మనమే జవాబిస్తున్నాం. ఆ జవాబులో ఎవరి గొంతు ఏ కాగితం వాళ్లదో ఏ అధికారీ విడదీయలేడు. ఈ కాలంలో పుట్టించినందుకు దేవునికి వందనాలు చెప్పుకున్నాను. చివరి బెంచీలో కృష్ణ నిలబడి ఉన్నాడు. పెదవులు కదిలాయో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

పూజ అయ్యాక గేటు దగ్గర యాదలక్ష్మి నన్ను పట్టుకుంది.

"ఏందన్నా, చీరలమ్మేటప్పుడు నీ గొంతు మెట్రో దాకా ఇనబడ్తది. మైకు ముందల గంత మెల్లగనా?"

"నువ్వు నన్ను పూర్తి చెయ్యనిచ్చినవా? నడుమల్నే ఎత్తుకుంటివి!"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆగలేకపోయినన్నా."